నల్లచొక్కా ఎత్తని చేతులు

ఆ బట్టల దుకాణం మేడమీద కర్టెన్ల విభాగం చూసే మనిషికి కన్నవాళ్లు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. జీతాలిచ్చే వాళ్లకి తప్ప అది ఎవరికీ అవసరం పడలేదు. లోకానికి ఆయన నల్లచొక్కా. "కిటికీ తెరలా? పైకెళ్లి నల్లచొక్కా ఆయన్ని అడగండి" అని కింద గుమ్మం దగ్గరే చెప్పి పంపేవారు. ఎండాకాలం నల్లచొక్కా, వానాకాలం నల్లచొక్కా. మరదలి పెళ్లికి కూడా నల్లచొక్కాతోనే వెళితే, మగపెళ్లివారి తాలూకు పెద్దమనిషి ఒకాయన దగ్గరికొచ్చి, "మీ బ్యాండువాళ్లు ఇంకా రాలేదేమిటయ్యా?" అని గద్దించాడు.

ఆయనకి నలుపు మీద ప్రేమేమీ లేదు. ఆయనకి నచ్చే రంగు లేత పసుపు. నలుపు ఆయన దృష్టిలో రంగు కాదు, రక్షణశాఖ.

విషయం ఏమిటంటే, ఆయన చంకలు చెమర్చేవి. చెమర్చడమంటే మనబోటి వాళ్లకి పట్టినట్టు కాదు. మనకి ఎండలో నడిస్తే పడుతుంది, మెట్లెక్కితే పడుతుంది, నీడకి చేరి ఉస్సురంటే ఆరుతుంది. ఆయన చంకలకి ఋతువుల జ్ఞానం లేదు. ఏసీ గదిలో కూర్చుని చల్లటి నీళ్లు తాగుతుండగా, ఎవరూ ఏమీ అనకుండానే, ఎడమవైపు నుంచి ఒక చుక్క బయల్దేరి, పక్కటెముకల మీదుగా, ఎక్కడా తొందర పడకుండా, దారిలో అన్నీ చూసుకుంటూ నడుము దాకా ప్రయాణం చేసేది. అది గమ్యం చేరేలోపు కుడివైపు నుంచి దానికి జోడు బయల్దేరేది. మీసమూ ఈ చెమటా ఆయనకి ఒకే ఏడు వచ్చాయి. మీసం వచ్చినందుకు బంధువులంతా మెచ్చుకున్నారు.

అప్పట్నుంచీ ఆయన జీవితం ఒక పరిపాలన. చొక్కా లోపల బనియను, బనియనుకీ చొక్కాకీ మధ్య నాలుగు మడతలు పెట్టిన రుమాలు, అటొకటి ఇటొకటి. ఒకసారి ఒకావిడకి పూలపూల తెర విప్పి చూపిస్తుంటే కుడి రుమాలు చొక్కా చేతిలోంచి జారి గుడ్డ మీద పడింది. ఆవిడ దాన్ని రెండు వేళ్లతో ఎత్తి చూసి, "ఇది దీంతోపాటు ఉచితమా?" అని అడిగింది. తరవాత ఆయన రుమాళ్లని పిన్నీసులతో బిగించడం మొదలుపెట్టాడు.

పై అరల్లోని గుడ్డచుట్టల్ని అందరూ స్టూలెక్కి, చేతులు చాపి దించేవారు. ఆయన చివర కొక్కెం ఉన్న పొడుగు కర్ర చేయించుకున్నాడు. మోచేతులు పక్కటెముకలకి అతుక్కుని ఉండగానే, ముంజేతులు మాత్రం కదిపి, ఎంత పెద్ద చుట్టనైనా బల్లమీదికి పడేసే విద్య సంపాదించాడు. చూసినవాళ్లు అది పనితనం అనుకునేవారు. అది ఆత్మరక్షణ.

ఇక సలహాలు. లోకంలో తలనొప్పి వచ్చినవాడికి మాత్రలిస్తారు, జ్వరం వచ్చినవాడికి పళ్లిస్తారు, చంక చెమర్చేవాడికి మాత్రం సబ్బు గురించి చెబుతారు. "బావా, ఏమీ అనుకోకపోతే ఒక మాట. స్నానం రోజూ చేస్తున్నావా?" అని బావమరిది అడిగిన రోజున ఆయన భోజనం మధ్యలో లేచిపోయాడు. రోజూ ఏమిటి, పూటపూటా చేసేవాడు. ఆదివారమైతే సబ్బుకీ తనకీ పాత కక్షలున్నట్టు రుద్దుకునేవాడు. వారానికోసారి నీళ్ల మొహం చూసే పక్కింటాయన మాత్రం చెక్కలా పొడిగా ఉండి, శుభ్రత గురించి గోడ మీదనుంచి ఉపన్యాసాలు ఇచ్చేవాడు. ఈ ఒక్క అన్యాయం చాలదా, లోకం న్యాయంగా నడవడం లేదనడానికి?

అత్తరు సీసాలు, స్ప్రేలు అన్నీ అయ్యాయి. చెమట ఆగలేదు. కాకపోతే మల్లెతోటలోంచి నడిచొచ్చినట్టు ఉండేది. టీవీలో ఒక కుర్రాడు కొండ చివరిదాకా పరిగెత్తి, చేతులు రెండూ ఆకాశంలోకి ఎత్తి, పొడి చంకలు లోకానికి చూపించి నవ్వే ప్రకటన వచ్చేది. దాన్ని చూసినప్పుడల్లా నల్లచొక్కా ఒంటికాలి మీద లేచేవాడు. "నువ్వు ఎక్కి చూపించు, నీకేం పని! ఆ కొండ మీద ఒక్క కర్టెను కొలిచి చూపించు!"

ఇదంతా ఆయన సొంత గొడవగానే ఉండిపోయేది, ఆ దుకాణంలో ఒక పద్ధతి లేకపోతే.

దుకాణం పెట్టిన పెద్దాయన వయసులో ఉండగా ఏదో మిల్లులో పనిచేసి, యజమానుల చేత నానా మాటలూ పడి బయటికొచ్చిన మనిషి. తన దగ్గర పనిచేసేవాళ్లని అడక్కుండా వాళ్ల విషయం ఏదీ తేల్చనని ఒట్టు పెట్టుకున్నాడు. అయితే ఉపన్యాసాలు వినే ఓపిక ఆయనకి లేదు. అందుకని నెలకో శనివారం, షట్టరు సగం దించాక, అందరినీ కింద కత్తిరింపు బల్ల చుట్టూ నిలబెట్టి, సంగతి చెప్పి, ఒక్కటే అడిగేవాడు: "ఒప్పుకోనివాళ్లు చేతులెత్తండి." సగానికి మించి లేస్తే సంగతి రద్దు. ఎత్తినవాళ్లు కారణం చెప్పాలి. ఎత్తనివాళ్లు ఒప్పుకున్నట్టే, తరవాత గొణగడానికి వీల్లేదు. "నోటితో వద్దన్నవాడు సాయంత్రానికి మాట మారుస్తాడు. చెయ్యెత్తినవాణ్ణి అందరం చూస్తాం" అనేవాడు పెద్దాయన.

పద్ధతి గొప్పదే. మనిషికి చెయ్యి ఎక్కడ మొదలవుతుందో మాత్రం దాన్ని కనిపెట్టినాయన ఆలోచించలేదు.

నల్లచొక్కా చెయ్యి ఏనాడూ లేవలేదు. కాబట్టి ఆయన అన్నిటికీ ఒప్పుకున్నాడు. టీలో పాలు తగ్గించడానికి ఒప్పుకున్నాడు. భోజన విరామం కుదించడానికి ఒప్పుకున్నాడు. లిఫ్టు కొనుగోలుదారులకే అని తీర్మానిస్తే, రోజూ మేడెక్కే మనిషి, దానికీ ఒప్పుకున్నాడు. వారం సెలవు ఆదివారం నుంచి మంగళవారానికి మార్చినప్పుడు, భార్యకి ఆదివారమే సెలవైనా, ఒప్పుకున్నాడు.

నిజానికి వీటిలో ఒక్కదానికీ ఆయన ఒప్పుకోలేదు. ఆయన అభిప్రాయాలు లేని మనిషి కాదు. అభిప్రాయాలు తప్ప మరొకటి లేని మనిషి. వాటికి బయటికొచ్చే దారి చంక కిందనుంచి ఉండటమే దురదృష్టం. శనివారం రాత్రి ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టేవాడు. పోస్టాఫీసులో రోజంతా జనం గోల విని వచ్చిన భార్య, ఆ గోల కూడా విని, చివర ఒకే ప్రశ్న వేసేది.

"ఇదంతా అక్కడ చెప్పకపోయారా?"

"చెప్పాలంటే చెయ్యెత్తాలి!"

"మరి ఎత్తకపోయారా?"

అక్కడితో సంభాషణ ముగిసేది. సమాధానం ఆవిడకి తెలుసు. బట్టలుతికే యంత్రంలో వేసేది ఆవిడే.

దుకాణంలో మాత్రం ఆయన కీర్తి పెరిగిపోయింది. "మనిషంటే నల్లచొక్కాయే. నోట్లో నాలుక లేదు పాపం" అనుకునేవారు. ఒక ఏడాది చివర్లో 'సహకారానికి మారుపేరు' అని చెక్కించి, గడియారం బిగించిన షీల్డు ఇచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన దాన్ని ఇంటికి తెచ్చి బీరువా వెనకాల గోడవైపు తిప్పి పెట్టాడు. అక్కడనుంచి కూడా అది గంటగంటకీ మోగేది.

పెద్దాయన మోకాళ్ల నొప్పులతో ఇంటిపట్టున ఉండి, దుకాణాన్ని కూతురికి అప్పగించాడు. చిన్న మేడమ్ మంచిది, మర్యాద తెలిసింది, తండ్రి పద్ధతిని అక్షరం మార్చకుండా నిలబెట్టింది. కాబట్టి ఆవిణ్ణి తిట్టుకునే సుఖం కూడా నల్లచొక్కాకి దక్కలేదు. అలాంటావిడ ఒక సోమవారం పొద్దున మేడెక్కి వచ్చి, బల్లమీద ఒక పొట్లం విప్పింది.

లేత నీలం చొక్కా. జేబు మీద దుకాణం గుర్తు.

"ఇకనుంచి అందరికీ ఒకేలాంటి చొక్కాలు అనుకుంటున్నాను. ఎలా ఉంది?"

ఆయన గుడ్డ మనిషి. చొక్కా అంచు వేళ్ల మధ్య పట్టుకోగానే సంగతి తెలిసిపోయింది. కృత్రిమ దారం, గాలి చొరబడదు, తడి దాగదు. మేడమ్ అటు తిరగ్గానే గ్లాసులో వేలు ముంచి ఒక చుక్క వేసి చూశాడు. చుక్క పడ్డచోట బట్ట ముదురు నీలమై, సిరా ఒలికినట్టు పాకింది. ఎడమవైపు చుక్క బయల్దేరింది.

"శనివారం అందరిముందూ ఎవరైనా వేసుకుని చూపిస్తే బాగుంటుంది. మీరు వేసుకోండి" అంది మేడమ్ నవ్వుతూ. "మీరు దేనికీ కాదనరు కదా, అందుకని ముందే మీ దగ్గరికి వచ్చాను."

కుడివైపు జోడు బయల్దేరింది.

ఇప్పుడు ఆయన ముందున్న చిక్కుని గమనించాలి. ఆ చొక్కా వస్తే ఇన్నేళ్లుగా కట్టుకున్న కోట కూలిపోతుంది; రోజూ, ప్రతి కొనుగోలుదారు ఎదుటా, రెండు చంకల కింద రెండు మడుగులతో నిలబడాలి. అది రాకుండా ఆపాలంటే చెయ్యెత్తాలి. చెయ్యెత్తితే ఆ మడుగులు శనివారమే అందరికీ కనిపిస్తాయి, పైగా ఆ చొక్కాలోనే. చంకలు దాచుకోవాలంటే చంకలు చూపించాలి. ఇలాంటి మెలిక ఏ వకీలుకైనా తడుతుందా?

ఇంక మిగిలింది వేరేవాళ్ల చేతులు. మధ్యాహ్నం ఆయన కింద చివరగదిలో కుట్టుమిషను ముందు కూర్చునే ఆల్టరేషన్ల అక్క దగ్గరికి వెళ్లాడు.

"అక్కా, ఆ నీలం చొక్కా చూశావా?"

"చూడకేం? భుజం దగ్గర కోత ఎంత బిగుతుగా ఉందో! చెయ్యి పైకి లేపితే కుట్టు విడిపోతుంది. ఎవడు కుట్టాడోగానీ వాడికి చేతులు లేవనుకుంటా."

"అయితే శనివారం చెయ్యెత్తుతావన్నమాట."

"నేనా? ముందు నువ్వెత్తు బాబూ. నీ చెయ్యి లేవగా చూసే భాగ్యం ఇంతవరకూ కలగలేదు. నువ్వు ఒకటెత్తు, నేను రెండూ ఎత్తుతా."

క్యాషియరు గారు ఎండలు మండుతున్నా కోటు విప్పని మనిషి. ఆయన నోట్లకట్ట పక్కన పెట్టి, కళ్లజోడు మీదనుంచి చూశాడు.

"నాకేమిటయ్యా? పైన నా కోటు నాకుంది. లోపల నీలమైతే నాకేం, నిప్పురంగైతే నాకేం? అయినా నీకెందుకు ఈ గొడవ? నువ్వు అన్నిటికీ సరే అనేవాడివేగా!"

సాయంత్రానికి మిగతావాళ్లందరినీ అడిగి చూశాడు. చొక్కా ఒక్కడికీ నచ్చలేదు. మొదట చెయ్యెత్తేవాడు ఒక్కడూ లేడు. ఇలాంటి జనం కోసమా పెద్దాయన మిల్లులో మాటలు పడింది అని ఆయనకి ఒళ్లు మండిపోయింది.

బుధవారం రాత్రి ఇంట్లో ఆ మంటకి భార్య ఎదురైంది.

"ఏవండీ, నేను పెళ్లైన కొత్తలో చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను. డాక్టరుకి చూపించుకోండి."

"చెమటకి డాక్టరేమిటి? రేపు తుమ్మొస్తే ఆపరేషనా?"

"తుమ్ముకి భయపడి మీరు నల్లచొక్కాలు తొడగడం లేదుగా."

శుక్రవారం ఇద్దరూ సెలవు పెట్టి వెళ్లారు. చర్మవ్యాధుల డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. ఆయన అరగంట సేపు గొంతు సవరించుకుని, "కొంచెం... చేతుల కింద..." అన్నాడు. మిగతాది భార్య ఒక్క వాక్యంలో చెప్పేసింది.

"ఎప్పట్నుంచి? రెండువైపులా ఒకేలా పడుతుందా? ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? నిద్రలో పడుతుందా?" అని డాక్టరమ్మ వరసగా అడిగింది.

"నిద్రలో పట్టదు. నేను మెలకువగా ఉండి అవమానపడితేనే దానికి సరదా."

డాక్టరమ్మ నవ్వలేదు. అది ఆయనకి నచ్చింది. జ్వరం, బరువు తగ్గడం, గుండెదడ లాంటివేమీ లేవని తేల్చుకుని, చేతులెత్తించి చూసి, నిదానంగా చెప్పింది. "చెమట గ్రంథులకి నరాలు కబురు పంపిస్తాయి. మీకు ఆ కబురు అవసరానికి మించి వెళుతోంది. చాలామందికి ఉంటుంది, ఎవరూ చెప్పుకోరు. ఇది మురికి కాదు, బద్ధకం కాదు. కంగారు పడితే ఎక్కువవుతుంది గానీ, కంగారువల్ల పుట్టింది కాదు. మీ తప్పేమీ లేదు."

ఇలాంటి మాట విన్నవాడికి కళ్లనీళ్లు తిరగాలి. నల్లచొక్కాకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"అంటే ఇన్నేళ్లూ నాతో సబ్బులరగదీయించిన వాళ్లంతా... ఈ ముక్క నాకు ముందే ఎవరూ చెప్పలేదేం?"

"మీరు ముందే ఎవరినీ అడగలేదేమో" అంది డాక్టరమ్మ. భార్య ఎంతో శ్రద్ధగా గోడమీద క్యాలెండరు చూస్తూ ఉండిపోయింది.

మందు రాసిచ్చింది. చిన్న సీసా, మూతలో బంతి. "మీరు ఇన్నాళ్లూ కొన్నవి వాసన మార్చేవి. ఇది చెమట తగ్గించేది. రెండూ పక్కపక్కన పెట్టి అమ్ముతారు కాబట్టి అందరూ ఒకటే అనుకుంటారు. రాత్రి పడుకునేముందు, పూర్తిగా ఆరిన చర్మం మీద, పల్చగా రాయండి. పొద్దున కడిగెయ్యండి. గడ్డం గీసుకున్నట్టు అక్కడ గీసుకుంటే ఆ రోజుకి మానెయ్యండి. తడిమీద రాస్తే మండుతుంది. వారం పది రోజుల్లో తేడా తెలుస్తుంది. చాలకపోతే ఇంజెక్షన్లున్నాయి, మాత్రలున్నాయి. మళ్లీ రండి, చూద్దాం."

వారం పది రోజులు! తెల్లారితే శనివారం.

ఆ రాత్రి ఆయన మందు రాసుకోలేదు. ఆలోచించాడు. ఇక్కడ చదువు లేనివాడైతే డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు చేసి ఉండేవాడు. ఆయన గుడ్డ శాస్త్రం ఎరిగినవాడు. బట్టకి రంగు బాగా పట్టాలంటే ఏం చేస్తారు? ముందు పైకి లేచిన నూగంతా తీసేస్తారు. తరవాత శుభ్రంగా తడుపుతారు. ఆ తడిమీద చిక్కగా పట్టిస్తారు. పొడి బట్టమీద పల్చగా రాస్తే ఏ రంగు నిలబడింది గనక? డాక్టరమ్మకి వైద్యం తెలుసుగానీ, పాపం, అద్దకం తెలియదు. ఇలా అనుకుని ఆయన తన చంకల్ని గుడ్డ పద్దులో జమకట్టేశాడు. శనివారం పొద్దున్నే గీసుకున్నాడు, వేన్నీళ్ల స్నానం చేశాడు, తుడుచుకోకుండా సీసాలో సగం పట్టించాడు.

మొదట ఏమీ కాలేదు. అద్దంలో చూసుకుని విజయగర్వంతో చిరునవ్వు నవ్వాడు. ఆ నవ్వు మొహం మీద ఉండగానే అటొక కుంపటి, ఇటొక కుంపటి రాజుకున్నాయి. ఆయన స్నానాలగదిలోంచి చేతులు రెండూ రెక్కల్లా ఎడంగా పెట్టుకుని, ముని వేళ్లమీద నడుస్తూ వచ్చాడు.

"ఎక్కడికండీ ఎగురుతున్నారు?" అంది భార్య. సంగతి తెలిశాక గబగబా చన్నీళ్లతో కడిగింది. కడుగుతూనే విచారణ చేసింది. "రాత్రి అంది. ఆరిన చర్మం అంది. గీసుకోవద్దంది. ఒక్కటైనా పాటించారా?"

"పల్చగా అని కూడా అంది" అని ఆయన నిజాయితీగా ఒప్పుకున్నాడు.

సాయంత్రం షట్టరు సగం దిగింది. అందరూ కత్తిరింపు బల్ల చుట్టూ చేరారు. నల్లచొక్కా లేత నీలంలో నిలబడ్డాడు. జనం ఆయన్ని పోల్చుకోవడానికి ఒక క్షణం పట్టింది. భుజం దగ్గర బిగుతు కోత, మండుతున్న చోటే సరిగ్గా ఒరుసుకుంటోంది. ఆయన రెండు చేతులూ నడుముకి ఆనించి, మోచేతులు బయటికి పెట్టి, కుస్తీకి దిగే వస్తాదులా నిలుచున్నాడు.

"చూడండి, ఎంత హుందాగా ఉందో" అంది చిన్న మేడమ్. "చేతులు కొంచెం కిందికి దించండి, మామూలుగా."

ఆయన దించాడు. కళ్లముందు మెరుపులు మెరిశాయి. మందు చేసిన మంట ఒకవైపు, ఆ మంట వల్ల కంగారు, కంగారువల్ల చెమట, చెమటవల్ల మళ్లీ మంట. లోపల రుమాళ్లు కూడా లేవు. చొక్కా పల్చన, పెడితే కనిపిస్తాయని భార్య తీసేసింది.

"సరే, అయితే అడుగుతాను" అని మేడమ్ మొదలుపెట్టబోతుంటే, క్యాషియరు గారు కోటు జేబులో చేతులు పెట్టుకుని అందుకున్నాడు.

"నల్లచొక్కాని అడగడం దేనికమ్మా? ఆయన్ని ఒప్పుకున్నవాళ్లలో వేసేసుకోండి. ఆయన ఎప్పుడు కాదన్నాడు గనక!"

అందరూ నవ్వారు. చెడ్డ నవ్వు కాదు. ఇంట్లో పాత కుర్చీని చూసి నవ్వే నవ్వు.

మంట అరికాలినుంచి నెత్తికెక్కుతుందంటారు. ఆ సాయంత్రం ఆయనకి అంత దూరం అక్కర్లేకపోయింది. సగం దారిలోనే సిద్ధంగా ఉంది.

"ఒప్పుకోనివాళ్లు చేతులెత్తండి" అంది మేడమ్.

ఒకాయన పైకప్పు చూశాడు. ఒకావిడ గోళ్లు చూసుకుంది. చొక్కా బాగోలేదని సోమవారం నుంచి గొణుగుతున్నవాళ్లంతా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆల్టరేషన్ల అక్క మాత్రం నల్లచొక్కాకేసి చూసింది.

ఆయన చేతులు లేచాయి. ఒకటి కాదు, రెండూ. భుజాల దాకా ఆగలేదు, నిట్టనిలువుగా లేచాయి. లేస్తుంటే ఎడమవైపు కుట్టు చర్రుమంది. లేత నీలం మీద ముదురు నీలం మడుగులు రెండు, ఒక్కోటి అరచేయంత, ట్యూబులైటు కింద తళతళలాడాయి. మీసం వచ్చిన నాటినుంచి ఆయన దాచుకున్నదంతా బల్ల చుట్టూ ఉన్నవాళ్లు తీరిగ్గా చూశారు. ఏసీ గాలి చల్లగా వచ్చి ఆ రెండుచోట్లా తగిలింది. ఆహా, ఇంత హాయిగా ఉంటుందని తెలిస్తే ఎప్పుడో ఎత్తేవాడినే అనిపించింది ఆయనకి.

ఎవరో కిసుక్కుమన్నారు. మేడమ్ అటు చూసేసరికి ఆ నవ్వు ఆగిపోయింది.

"కారణం... చెప్పాలి" అంది మేడమ్ మెల్లిగా, పద్ధతి కాబట్టి.

"కారణమా? కనిపించట్లేదా మేడమ్? ఇదీ కారణం! అదీ కారణం!" అని ఆయన చూపుడువేలితో చూపిద్దామనుకుని, చేతులు పైన ఉన్నాయని గుర్తొచ్చి, గడ్డంతో అటూ ఇటూ చూపించాడు. "ఇది చెమట. మురికి కాదు. పూటపూటా స్నానం చేస్తాను, కావలిస్తే మా ఆవిణ్ణి అడగండి. నరాలు కబురు ఎక్కువ పంపిస్తున్నాయి, అంతే. డాక్టరు చెప్పింది. ఈ గుడ్డ వేసుకుని నేను పనిచెయ్యలేను. అసలు ఈ గుడ్డలో ఎవరూ పనిచెయ్యలేరు, గాలి ఆడదు. ఇంకో సంగతి. మీరంతా నన్ను మంచివాడనుకుంటున్నారు. నేను మంచివాణ్ణి కాదు! చంకలు తడిసినవాణ్ణి! టీలో పాలు తగ్గించడానికి నేను ఒప్పుకోలేదు. మంగళవారం సెలవుకి ఒప్పుకోలేదు. లిఫ్టుకి ఒప్పుకోలేదు. ఆ షీల్డుకి అసలే ఒప్పుకోలేదు!"

తరవాత ఆల్టరేషన్ల అక్క, ఆడినమాట తప్పకుండా, రెండు చేతులూ ఎత్తింది. "కుట్టు వదిలింది, విన్నారుగా. నేను సోమవారమే చెప్పాను" అంది. ఆ పక్కనావిడ చెయ్యి లేచింది. ఆ తరవాత అటువైపు వరసంతా లేచింది. ఇంతసేపూ ఈ వీరులంతా ఎక్కడున్నారో! క్యాషియరు గారి చేతులు మాత్రం కోటు జేబుల్లోంచి బయటికి రాలేదు.

చొక్కా రద్దయింది.

"ఇంత ఇబ్బంది ఉంటే నాతో ముందే చెప్పొచ్చు కదండీ" అంది చిన్న మేడమ్. నిజంగానే నొచ్చుకుంది.

"చెయ్యెత్తితేగానీ మాట లెక్కలోకి రాని చోట, చెయ్యెత్తలేనివాడు ఎలా చెబుతాడు మేడమ్?" అన్నాడు నల్లచొక్కా. చేతులు ఇంకా దించలేదు. మండుతున్నందుకు కొంత, బాగున్నందుకు కొంత.

మేడమ్ ఆ మాట తండ్రికి చెప్పిందట. పెద్దాయన చాలాసేపు మోకాలు నిమురుకుంటూ కూర్చుని, ఇకనుంచి చెయ్యెత్తలేనివాళ్లు "కాదు" అని పైకి అనొచ్చని పద్ధతికి సవరణ చేశాడు. కొత్త చొక్కాకి గుడ్డ ఎంచే పని నల్లచొక్కాకే అప్పగించారు. నూలు, ముదురు నీలం, భుజం దగ్గర వదులు. కొలతలు అక్క తీసింది.

మంట తగ్గాక ఆయన మందు రాత్రిపూట, ఆరిన చర్మం మీద, పల్చగా రాయడం మొదలుపెట్టాడు. ప్రతిసారీ భార్య గుమ్మంలో నిలబడి చూసేది. చెమట మాయమైపోలేదు. టీవీలో కుర్రాడిలా కొండలెక్కి చూపించే స్థితి ఆయనకి రాలేదు, రావాలని లేదు కూడా. ఎడమవైపు చుక్క ఇప్పటికీ అప్పుడప్పుడు బయల్దేరుతుంది గానీ, నడుము దాకా వెళ్లే ఓపిక దానికి పోయింది. పిన్నీసులు పిన్నీసుల డబ్బాలోకి చేరాయి. ఒక మంగళవారం లేత పసుపు చొక్కా కొనుక్కుని, అది వేసుకుని వీధిలోకి వెళ్లాడు. పక్కింటాయన గోడ మీదనుంచి చూసి, "ఏమిటి, మొత్తానికి స్నానం మొదలుపెట్టావా?" అన్నాడు. ఆ మనిషితో ఆయన ఈ రోజుకీ మాట్లాడడం లేదు.

ఒకరోజు భోజనాల వేళ, ఎవరూ లేకుండా చూసి, క్యాషియరు గారు మేడెక్కి వచ్చాడు. కోటు గుండీలు మెడదాకా పెట్టుకుని, అటూ ఇటూ చూసి, చెవిలో అడిగినట్టు అడిగాడు.

"ఆ డాక్టరమ్మ ఎక్కడ కూర్చుంటుందన్నావు? మా తమ్ముడి కోసంలే."

నల్లచొక్కా ఆయన కోటుని పైనుంచి కిందిదాకా చూశాడు. ఇన్ని వేసవులు, ఇంత మందం కోటు! జాలి కలగాల్సిన చోట మళ్లీ కోపమే వచ్చింది. ఆ శనివారం ఈ చేతులు జేబుల్లో ఎందుకున్నాయో ఇప్పుడు తెలిసింది. ఆయన డాక్టరమ్మ చిరునామా చెప్పాడు. చెప్పి, తెరల వెనకాల సర్దుతున్నవాళ్లకి కూడా వినపడేంత గొంతుతో, "మీ తమ్ముడితో చెప్పండి! రాత్రిపూట! ఆరిన చర్మం మీద! గీసుకోవద్దనండి!" అన్నాడు.

ఆ తరవాతి నెల శనివారం షట్టరు సగం దిగింది. క్యాషియరు గారు కోటు లేకుండా వచ్చి ఓ మూల నిలబడ్డాడు. చిన్న మేడమ్ కాగితం సవరించుకుని, "ఈ నెల సంగతి ఏమిటంటే..." అని మొదలుపెట్టింది. తలెత్తి చూసేసరికి బల్లకి అవతల ఒక ముదురు నీలం చెయ్యి నిట్టనిలువుగా లేచి ఉంది.

"నేను ఇంకా ఏమీ చెప్పలేదండీ!"

"మీరు చెప్పండి మేడమ్" అన్నాడు నల్లచొక్కా. "ఈలోపు ఇది ఎత్తి ఉంచుతాను."